అత్తకు పెట్టని బొట్టు

ఎచ్చెర్లలో నా పీజీ పూర్తయిందని ఇంట్లో చిన్న పార్టీ చేసుకుందామన్నది నేనే. నా ఉద్దేశంలో పార్టీ అంటే ఒక కేకు, కాసిని బెలూన్లు, నాతో చదువుకున్న పిల్లలు, అమ్మ చేతి రొయ్యల కూర. సాయంత్రం మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళకి ముగించేయాలి. అమ్మ "సరే" అని ఊరుకుంది. ఆవిడ ఒక్క మాటతో ఊరుకుందంటే లోపల ఏదో ఉడుకుతోందని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

నాన్న వేట నుంచి వచ్చి, పడవ ఒడ్డుకి లాగి, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోగానే విషయం బయటపడింది.

"కళింగపట్నం ఎల్లి మా అన్నని పిలిసి రా. మేనమావ రాకుండా గుంటకి ఏ పండగా సెయ్యను," అంది అమ్మ.

నాన్న చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంటిల్లిపాదీ అంటారు, నేను కాదనను. "ఇది నా పార్టీనా, మీ అన్నాచెల్లెళ్ల రాజీ పంచాయితీనా?" అని అరిచాను. అమ్మ నా వైపు చూడనైనా లేదు.

మా మావతో మాకు మాటల్లేవు. నేను డిగ్రీ ముగించగానే మావ కొడుక్కిచ్చి చెయ్యాలని మా చిన్నప్పుడే అనుకున్నారట. నేను చదువుకుంటానన్నాను. బావ మంచివాడే గాని పెళ్లి మాత్రం చేసుకోనన్నాను. అలా అన్నందుకు అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. బావ గుజరాత్ బోట్ల మీదకి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే అత్త మా ఇంటికొచ్చి, వీధిలో నిలబడి, "బోటు మీద బతికేవోడని నా కొడుకు పనికిరానేదా? మీ ఇంట్లో మొగోడు కలెక్టరు పని సేస్తన్నాడేటి?" అని అడిగింది. నాన్న అప్పుడు అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "నా మొగుడి మాట నీకెందుకు, నీ గడప నేను తొక్కితే అడుగు," అంది. అంతే, రాకపోకలు ఆగిపోయాయి. అమ్మకి టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డప్పుడు కూడా మావ రాలేదు. తాతా అమ్మమ్మా ఎప్పుడో పోయారు. అమ్మకి పుట్టిల్లంటే ఆ అన్న ఒక్కడే.

అందుకే ఈ పార్టీ. పిలిచినా రాకపోతే ఇక జన్మలో రానట్టే. ఆ సంగతి అమ్మ చెప్పకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

నాన్న వెళ్లొచ్చాడు. "ఏటన్నాడు?" అని అమ్మ గుమ్మంలోనే అడిగింది. "సూద్దాం అన్నాడు," అన్నాడు నాన్న. అమ్మ దాన్ని వస్తాననడం కిందే లెక్కేసుకుని, ఇంటికి సున్నం కొట్టించింది.

పార్టీ రోజు పొద్దున్నే నేనూ నాన్నా అలంకరణ మొదలుపెట్టాం. కొన్న కాగితం తోరణాలు సముద్రపు గాలికి నిమిషం నిలవలేదు. నాన్న దొడ్లోంచి పాత వల ఒకటి తెచ్చి, గుమ్మం పైనుంచి గోడ పొడుగునా వేలాడదీసి, దాని కన్నుల్లోంచి సీరియల్ లైట్లు దూర్చాడు. అందులో బెలూన్లు ఇరికించాను. నిజం చెప్పాలంటే నేను ఫోన్లో చూసిన అలంకరణలన్నిటికంటే అదే బాగుంది.

"గుమ్మానికి వల కడతారేటి, వచ్చినోలు మనుసులా సేపలా?" అని అమ్మ లోపల్నుంచి కసిరింది. కసిరినా ఆ గొంతులో సరదా ఉంది. చాలా రోజుల తర్వాత విన్నాను.

నేను స్టూలు మీద నిలబడి బెలూను కడుతూ, ఊరికే మాటల్లో పెట్టి నాన్నని అడిగాను. "మరి అత్తేమంది?"

"ఏటీ అన్లేదు. మంచినీలిచ్చినాది. మీ ఇంట్లో ఆడోలు నేరేటి అని అడిగినాది. ఉన్నారమ్మా, పనిలో ఉన్నారు అన్నాను."

లోపల రొయ్యలు ఒలుస్తున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మ తడి చేతులతోనే బయటికొచ్చింది.

"ఇంకోపాలి సెప్పు. ఏటంది?"

నాన్న మళ్లీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయనకీ అర్థమైనట్టుంది, చివరి మాట నోట్లోనే ఉండిపోయింది.

మా వైపు శుభకార్యానికి ఆడమనిషిని పిలవాలంటే ఆడమనిషే వెళ్లాలి. నుదుట బొట్టు పెట్టి, ఫలానా రోజు రమ్మని చెప్పాలి. మగవాడు వెళ్లి చెప్పొస్తే అది మగవాడికి చేరుతుందిగాని, ఇంటి ఇల్లాలికి చేరదు. బొట్టు పెట్టి పిలవని ఇంటికి ఆడది వెళితే పిలవని పేరంటమే. అత్త రాకుండా మావ గుమ్మం దాటే మనిషి కాదు. తన పంతం పోకుండా పిలుపు వెళ్లాలని, అన్నని పిలిస్తే వదినా వస్తుందిలే అని అమ్మ నాన్నని పంపింది. పిలుపు సగమే వెళ్లింది. పిలవకపోయినా ఇంత అవమానం ఉండేది కాదు. మగవాణ్ని పిలిచి ఆడదాన్ని వదిలేయడమంటే, నువ్వు రాకపోయినా పర్లేదని మొహం మీద చెప్పడమే.

అమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. "కావాలనే సేసినాననుకుంటాది. నేనైనా అలగే అనుకుంటాను," అంది.

"అయితే ఇప్పుడెళ్లు. స్కూటీ మీద దించుతాను," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "ఆ గడప తొక్కనన్నాను."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనడంలో మా అమ్మా నేనూ ఒకరికొకరం తీసిపోం. నాకు కోపం రావాలి. రాలేదు. ఆవిడ మొహం చూస్తే భయమేసింది. సాయంత్రం ఇంటినిండా జనం కూర్చున్నాక, మావ కోసం ఉంచిన ఖాళీ కుర్చీ వైపు చూస్తూ అమ్మ నవ్వు మొహం పెట్టుకుని వడ్డించడం నాకు ముందే కనిపించింది.

"అయితే నేనెళ్తాను," అన్నాను.

"నువ్వా? నిన్ను సూస్తే ఇంకా రేగుతాది." ఆ మాటన్నదే గాని నన్ను ఆపలేదు. లేచి లోపలికి వెళ్లి, కుంకుమ బరిణె తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్లీ రొయ్యల ముందు కూర్చుంది.

సరుగుడు తోటల మధ్య రోడ్డు మీద స్కూటీ నడుపుతూ ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. కాదన్న పిల్ల, కాదన్న ఇంటికి, బొట్టు బరిణె పట్టుకుని వెళ్లడం. తలుపు వేసేస్తే? బావ పేరెత్తితే? పది మందిలో తిడితే నేను నోరు మూసుకుని ఉండగలనా? ఈ చివరిదానికే ఎక్కువ భయపడ్డాను.

అత్త ఇంట్లో లేదు. ఒడ్డున ఇసుకలో పరిచిన వలల మీద నెత్తళ్ల చేపలు ఎండబెట్టి, వంగుని చేత్తో తిరగేస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది. మళ్లీ వంగింది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"అత్తా," అన్నాను.

"సెప్పు."

"బొట్టు పెట్టడానికొచ్చాను."

"దేనికి?"

"ఈ సాయంత్రం ఇంట్లో పార్టీ. నా చదువు అయిపోయింది."

"తెలుసు. నా కొడుకు బతుకంతా ఆ సదువు కిందే కదా పోయినాది."

నాలిక చివరిదాకా వచ్చిన జవాబుని మింగాను. ఎండకి నెత్తళ్లు వెండిలా మెరుస్తుంటే వాటినే చూస్తూ నిలబడ్డాను. కాళ్ల కింద ఇసుక కాలిపోతోంది. చెప్పులు స్కూటీ దగ్గరే వదిలేసి వచ్చిన సంగతి అప్పుడు తెలిసింది.

"మీ అమ్మ రాలేదేటి?" అని అడిగింది అత్త, నెత్తళ్లు తిరగేస్తూనే.

ఏదో సాకు చెబుదామనుకున్నాను. నాన్నలా పనిలో ఉందనొచ్చు. కానీ ఆ మాటే కదా ఇంతదాకా తెచ్చింది. "నువ్వు తలుపేసేస్తావని భయం," అన్నాను.

"నీకు నేదేటి భయం?"

"ఉంది."

అత్త నడుం నిటారుగా చేసింది. నీసు చేతులు రెండూ దూరంగా పెట్టి, మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుంది. బొట్టు స్టిక్కరు కాస్త పక్కకి జరిగింది. తర్వాత మొహం నా వైపు వంచింది.

గబుక్కున కుంకుమలో వేలు ముంచి పెట్టేశాను. బొట్టు ఆ స్టిక్కరుకి పైన, ఒక పక్కకి, వంకరగా పడింది. సరిచేద్దామనేలోపే అత్త తల వెనక్కి తీసేసుకుంది.

"వస్తావా?"

"పనవ్వనీ. సూద్దాం," అంది. మావ అన్న మాటే.

సాయంత్రానికి పిల్లలందరూ వచ్చేశారు. శ్రీకాకుళం నుంచి బైకుల మీద వచ్చిన వాళ్లు ఫొటోలంటూ వల కింద నిలబడి గోల చేస్తున్నారు. ఎండకి బెలూన్లు ఒకటొకటే పేలుతున్నాయి. పేలినప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడి వీధి వైపు చూస్తోంది. అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. కేకు మీద క్రీము చెమట పట్టడం మొదలుపెట్టింది.

"ఇంక కోసేద్దామే," అన్నారు పిల్లలు.

"కాస్త ఆగండర్రా," అంది అమ్మ. ఆ మాట అప్పటికి ఎన్నిసార్లు అందో. ప్రతిసారీ గొంతు కొంచెం తగ్గుతోంది. ముందు వరసలో తువ్వాలు పరిచిన కుర్చీలో ఒక చిన్న పిల్లాడు కూర్చోబోతే లేపేసింది. ఆ తువ్వాలు మడతపెట్టి మళ్లీ పరిచింది. నాన్న అరుగు దిగి రోడ్డు చివరిదాకా వెళ్లి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"అమ్మా, ఇంక రారు. కోసేస్తాను," అన్నాను. కోపంతో కాదు, ఆవిడ అలా నిలబడటం చూడలేక.

అమ్మ నా వైపు తిరిగింది. ఏం చెప్పేదో తెలియదు. వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది.

ముందు మావ దిగాడు. జుట్టు నెరిసిపోయింది. గుమ్మం దగ్గరికొచ్చి తలెత్తి వల వైపు చూశాడు. "ఏటిది, మమ్మల్ని పట్టడానికి కట్టినారా?" అన్నాడు. నాన్న నవ్వబోయి ఏడ్చినంత పనిచేసి, మావ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

అమ్మ అన్నని చూడలేదు. గుమ్మం బయటికే చూస్తోంది.

అత్త చేతిలో ఎండు నెత్తళ్ల సంచీతో వల కింద ఆగిపోయింది. స్నానం చేసి పట్టుచీర కట్టుకుంది. నుదుట స్టిక్కరు లేదు, నేను పెట్టిన వంకర బొట్టు మాత్రం అలాగే ఉంది. మెడ కిందకే నీళ్లు పోసుకుని ఉంటుంది. కాలు మాత్రం గడప ఇవతల పెట్టలేదు.

అమ్మ దగ్గరికి వెళ్లింది. అత్త నుదురు చూసింది. "ఇదేటి, ఇంత వంకరగా పెట్టినాది ఈ గుంట," అంది. కొంగుతో ఆ బొట్టు తుడిచేసింది. వెనక్కి తిరక్కుండానే నా వైపు చెయ్యి చాచింది. బరిణె ఇంకా స్కూటీ డిక్కీలోనే ఉంది. పరిగెత్తి తెచ్చిచ్చాను.

అమ్మ గడప దాటి బయట నిలబడి, నుదుటి మధ్యన, నిదానంగా, గుండ్రంగా బొట్టు పెట్టింది.

"ఇప్పుడు పిల్సినావా?" అంది అత్త.

"ఇప్పుడు పిల్సినాను, వొదినా. రా."