బోర్డు ముందు గణపతి

మొన్న ఒక స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్తే, సగం తినకముందే వైరు కాలుతున్న వాసన వచ్చింది. ఆయన పరుగెత్తి, బీరువా వెనకున్న మెయిన్‌ స్విచ్‌ కోసం పొట్ట లోపలికి పీల్చుకుని చెయ్యి దూర్చాడు. అందలేదు. చివరికి ఇద్దరం కలిసి బీరువాను ఈడ్చాం. వాసన పోయినా నా నవ్వు మాత్రం ఆగలేదు. పాండురంగం సాబ్ ఉండుంటే అన్నం ముట్టకుండా ముందు ఆ బీరువాకు వేరే చోటు చూపించేవారు.

ఆయన నా మొదటి ఆఫీసరు. పందొమ్మిది వందల యాభైలలో హైదరాబాదు పాతబస్తీలో ఇల్లిల్లూ కరెంటు పెట్టించుకుంటున్న రోజులవి. కరెంటు ఆఫీసు తరఫున మేము వైరింగు పరీక్షించి సంతకం పెడితేనే కనెక్షన్. మెయిన్‌ స్విచ్‌ చేతికందే ఎత్తులో ఉండాలి, దాని ముందు మనిషి నిలబడేంత ఖాళీ ఉండాలి, అదీ నిబంధన. చేతికందడమంటే ఎవరి చేతికి? సాబ్ పట్టుదలంతా అక్కడే. ఆయనేమో తాడిచెట్టంత మనిషి. ఏ ఇంటి గడప తొక్కినా మొదట అడిగే మాట మాత్రం, "ఇంట్ల పెద్దోళ్లల్ల అందరికన్న పొట్టిగ ఎవరున్నరు? జర పిలువుండ్రి." కొందరు నవ్వేవారు, కొందరు మొహం ముడుచుకునేవారు. జహనుమా బస్తీలో ఒక పెద్దమనిషి తననే అన్నామనుకుని మాకు చాయ్ కూడా పోయించలేదు.

ఒకసారి వినాయకచవితి ముందు ధూల్‌పేటకు వెళ్లాం. విగ్రహాలు చేసే బాలరాజు ఇల్లు. బయట వాన, అందుకని పని మొత్తం లోపలే. ఒక గోడకు ఆనించి నిలువెత్తు మట్టి గణపతి. ఆయన వెనక, పైకప్పు దగ్గర మెయిన్‌ స్విచ్‌. పిల్లలకు అందకూడదని అంత పైన పెట్టించారట. విగ్రహాన్ని కదిలిద్దామంటే మట్టి ఇంకా పచ్చిగా ఉంది, చేతులు రాలిపోతాయి.

"సార్, పగలంత మబ్బు. కందిలి వెలుగుల ఏ రంగు ఏదో తెలుస్తలేదు. ఇంత పెద్దది మొదటిసారి ఒప్పుకున్న. పండుగకు ఇయ్యకపోతే మల్ల నన్నెవ్వలు నమ్ముతరు?" అన్నాడు బాలరాజు.

నాకు జాలేసింది. "సాబ్, పండుగకు గణపతి ఎట్లాగు పోతడు. గప్పటిదాంక..." అని నసిగాను.

"షాక్ కొట్టేది పండుగైనంకనే కొడ్తదా?" అన్నారు సాబ్.

ఇంతలో బాలరాజు తల్లి పెంటమ్మ ముందుకొచ్చింది. సాబ్ మోచేతి దాకా కూడా రాదు. నడుం మీద చెయ్యి పెట్టి, "నీ సంతకం కోసం దేవుణ్ణి జరపాల్నా కొడుకా?" అని నిలదీసింది.

"దేవుణ్ణెందుకు జరుపుతం పెద్దమ్మా? బోర్డునే జరుపుదాం. జర ఇట్ల వచ్చి చెయ్యి లేపు."

వాకిలి పక్క ఖాళీ గోడ దగ్గర ఆమె చెయ్యి లేపింది. వేళ్లకు కాస్త కింద సాబ్ సుద్దముక్కతో గీత గీశారు. వైరింగు మేస్త్రీ గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కాడు. సాబ్ కోటు విప్పి గొళ్లేనికి తగిలించి, తానే వైర్లు బిగించే కర్రపట్టీలు అందించారు. ఆఫీసులో కూడా వెంటపడి, మర్నాడే మేమిద్దరం అక్కడుండగానే లైను కలిపించారు.

దీపం వెలగగానే అందరూ చప్పట్లు కొట్టారు. పెంటమ్మ కొత్త బోర్డు దగ్గరకు వెళ్లి, స్విచ్‌ నొక్కి టక్కున ఆర్పేసింది. మళ్లీ వేసింది. మళ్లీ ఆర్పింది.

"ఏందమ్మా ఈ లొల్లి!" అని బాలరాజు అరిచాడు.

"ఆగుర! ఈ ఇంట్ల నా మాట ఇనేది ఇదొక్కటే," అంది ముసలమ్మ. సాబ్ గోడకు చేరగిలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. బాలరాజు చేసిన గణపతి రంగులద్దుకుని వేళకు బండెక్కాడు. నా ఉద్యోగం మీద నాకు ప్రేమ పుట్టింది ఆ ఇంట్లోనే.

తర్వాత నేనూ ఇన్స్పెక్టరునయ్యాను, ఇల్లిల్లూ తిరిగి పొట్టివాళ్లను పిలవమని తిట్లు తిన్నాను. సంతోష్‌నగర్‌లో సొంతిల్లు కట్టుకున్నప్పుడు, బోర్డు ఎక్కడ పెట్టాలని మేస్త్రీ నన్నడిగాడు. నేను ఇంట్లో అందరికన్నా పొట్టయిన మా ఆవిడను వంటింట్లోంచి పిలిచి, భుజమెత్తు దాకా చెయ్యి లేపమన్నాను. ఈ వయసులో ఆ స్విచ్‌ కోసం పొడుగువాణ్ణి నేనే నడుం వంచాలి. వంచుతున్నాను, సంతోషంగా.