మధ్యాహ్నం లెక్కల క్లాసు

నన్ను ఎవరు ఏ మాట అన్నా నేను మర్చిపోను. ఇదేమీ మంచి గుణం కాదని మా అమ్మ చాలాసార్లు చెప్పింది. ఎప్పుడెప్పుడు చెప్పిందో అదీ నాకు గుర్తుంది. అయితే నాకు మేలు చేసినవాళ్లను తలుచుకుందామని కూర్చుంటే మొట్టమొదట మనసులోకి వచ్చే మనిషి, నన్ను క్లాసు బయట నిలబెట్టిన మనిషే. ఆవిడ చేసిన మేలు మాత్రం చెప్పి, బయట నిలబెట్టిన సంగతి వదిలేయడం నా వల్ల కాదు. రెండూ చెబుతాను.

మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. నాన్న పోయాక, బోరు కూడా ఎండిపోయాక, అమ్మ నన్ను తీసుకుని గుంటూరు వైపు మిరప పొలాల్లో పనికి వచ్చేసింది. అక్కడి హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో చేరాను. చేరిన రోజే ఆఫీసు గదిలో ఉన్నాయన దరఖాస్తు తీసుకుంటూ, "కోతలవాళ్లా? ఎన్నాళ్లుంటారు?" అన్నాడు. మూడేళ్లు ఉన్నాం. ఆ మూడేళ్లూ బడిలో నాకు "కోతల పిల్ల" అనే పేరే మిగిలింది.

జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. పొద్దున ఆరింటికల్లా ఆటో వచ్చి ఆగుతుంది. పొలంలో మనిషికో సాలు, అంటే ఒక వరస చెట్లు, ఇస్తారు; దాన్ని రెండు వైపులా కోయాలి. ఒక సాలు వెనకబడితే ముఠా అంతా గట్టు మీద ఆగి చూడాల్సి వస్తుంది. నేను పదో తరగతికి వచ్చిన ఏడు అమ్మకు నడుము పట్టేసింది. ఆమె వెనకబడుతోందని ముఠా మేస్త్రి రోజూ సణుగుతుంటే, పొద్దునపూట నేను కూడా వెళ్లి ఆమె సాలుకు అవతలి వైపు కాయ కోసేదాన్ని. మధ్యాహ్నం ముఠా అన్నాలకు లేచే వేళకు బడికి పరిగెత్తేదాన్ని.

అమ్మకూ నాకూ ఒక ఒప్పందం ఉండేది. ఆ ఏడు పది పాసైతే పై చదువు. లేకపోతే వచ్చే కోతలకు ముఠాలో నాకూ ఒక సాలు. "ఒక్కసారైతే ఎట్లాగో లాక్కొస్తానే. రెండోసారి నా వల్ల కాదు," అంది. అమ్మ మీద నాకు కోపం రాలేదు. ఆమె మంచం మీద నుంచి లేవడానికి ఎంతసేపు పడుతుందో రోజూ చూసేదాన్ని.

మా బడిలో హాజరు పొద్దున మొదటి పీరియడ్‌లోనే పిలిచేవాళ్లు. మధ్యాహ్నం ఎవరూ పిలవరు. అంటే నేను రోజూ బడికి వెళుతున్నా, రిజిస్టరులో మాత్రం రోజూ లేను. లెక్కల క్లాసు కూడా ఆ మొదటి పీరియడే.

లెక్కల మేడం ఆ సంక్రాంతి సెలవుల తర్వాతే మా బడికి వచ్చారు. మంగళగిరిలో చీరలు నేసే ఇంటి ఆవిడ. ఒక మధ్యాహ్నం సోషల్ సారు సెలవులో ఉంటే ఆ పీరియడ్‌కి ఆవిడ వచ్చి, బోర్డు మీద ఒక స్తంభం ఎత్తు కనుక్కునే లెక్క వేసి, ఎవరు చేస్తారని అడిగారు. ఎవరూ లేవలేదు. నేను లేచాను. చాక్‌పీసు ఇచ్చారు, చేశాను. ఆవిడ నా దగ్గర చాక్‌పీసు తీసుకుని జవాబు కింద గీత గీసి, ఎందుకో అదే వేలితో కన్ను నలుపుకున్నారు.

కోతల కాలంలో ఆ ఊళ్లో టీ కొట్టువాడు కూడా మేం తాగిన గ్లాసు గుడ్డతో పట్టుకుంటాడు. పొద్దంతా కాయ కోసిన చేతుల మంట సబ్బుకు పోదు, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటుంది. మగ్గాల ఊరి మనిషికి ఇది తెలియదు.

"ఏం పూశావు దీనికి?" అన్నారు, కన్ను మూసుకుని.

"ఏం పూయలేదండీ. కోతకెళ్లొచ్చాను."

"నాకు కథలు చెప్పకు."

ఆవిడ గుమ్మం పక్కనున్న కుళాయి దగ్గరకు వెళ్లి కళ్లు కడుక్కున్నారు. "నీళ్లు కొడితే ఇంకా ఎక్కువవుద్ది మేడం," అని ముందు బల్ల మీది పిల్ల మంచికే చెప్పింది. క్లాసంతా నవ్వింది. దాంతో అందరం కలిసి ఆట పట్టిస్తున్నామని ఆవిడ అనుకున్నారు. నన్ను బయట నిలబడమన్నారు. బడి వదిలేదాకా నిలబడ్డాను.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గారికి మూడు పేజీల ఫిర్యాదు రాశాను. ఆయన మొదటి పేజీ చదివి, "ఈ ఓపిక సైన్సు మీద పెట్టవే," అని సొరుగులో పడేశారు. మర్నాడు అదే ఫిర్యాదు ఇంకో పేజీ కలిపి మండల విద్యాధికారికి పోస్టు చేశాను. ఆ నాలుగో పేజీ సొరుగు గురించి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి హెడ్మాస్టరు గారు నేను కనపడితే చాలు, "ఏం పోస్టాఫీసూ, ఉత్తరాలు ఎంతవరకూ వచ్చాయి?" అనేవారు. అది కూడా నేను రాసుకున్నాను. నాకు ఒక నోటుబుక్ ఉండేది. ఎవరు, ఏ రోజు, ఏ పీరియడ్‌లో, ఏమన్నారో అందులో రాసేదాన్ని.

పైవాళ్లు నా ఫిర్యాదును తిరిగి బడికే పంపారు, సంజాయిషీ చెప్పమని. అలా అది లెక్కల మేడం చేతికి వచ్చింది. ఇక నా పని అయిపోయిందని క్లాసంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. ఆ ఆదివారం పొద్దున ఆరింటికి ఆవిడ వచ్చి మా ఆటో ఎక్కారు.

"ఎక్కడికి టీచరమ్మా?" అంది ఒకామె, జరిగి చోటిస్తూ.

"మీతోనే. కాయ కోయడానికి."

"మీవల్ల ఎక్కడవుద్ది. చీర పాడవుద్ది."

"ఇది మా ఇంట్లో నేసిందేనమ్మా. పాడైతే ఇంకోటి నేసుకుంటాం."

ఆటోలో నవ్వులు. పదింటికల్లా ఆవిడ ఎర్రబడిన చేతులను, వేళ్లు ముడవడం రాక, గాలిలో పట్టుకుని నిలబడ్డారు. "కొబ్బరినూనె రాసుకుని రావాలమ్మా, ముందే అడగొద్దా?" అని అమ్మ తన సీసాలోది తీసి ఆవిడ చేతులకు రుద్దింది.  ఆవిడ నా వైపు తిరిగి, "ఆ రోజు నిన్ను బయట నిలబెట్టడం నా తప్పు," అన్నారు.

ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవాళ్లు. నేను ఊరుకోలేదు. "నన్ను నిలబెట్టింది క్లాసు ముందర కదండీ," అన్నాను. అమ్మ నా డొక్కలో పొడిచింది. సోమవారం మధ్యాహ్నం ఆవిడ క్లాసుకు వచ్చి, అందరి ముందూ అదే మాట చెప్పారు. ఏ సాకూ కలపలేదు. ఒక టీచరు విద్యార్థితో అలా చెప్పడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఆవిడ ముందు నేను చిన్నదాన్నయిపోతాను.

ఆ వారమే ఆవిడ హెడ్మాస్టరు గారి గదికి వెళ్లి, కోతలయ్యేదాకా లెక్కల క్లాసు మధ్యాహ్నానికి మార్చమన్నారు. నాలాగా పొద్దున పొలానికి వెళ్లేవాళ్లు క్లాసులో ఇంకా కొందరున్నారు. కిటికీ అవతల నిలబడి మేమంతా విన్నాం.

"మిరపకాయల కోసం టైంటేబులు మార్చమంటారా మేడం?"

"మొన్న ఎవరింట్లోనో పెళ్లని బడి వరండా ఇచ్చి, ఒంటిపూట బడి పెట్టాం కదండీ."

ఆయన కాసేపు కాగితాలు సర్దుకుని, సరేనన్నారు.

బడి అయ్యాక ఆవిడ బస్సు వచ్చేదాకా మాతో పాటు కల్లానికి వచ్చేవారు. అక్కడ ఎండబోసిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరడం మా పని. మేం ఏరుతుంటే ఆవిడ లెక్కలు చెప్పేవారు. ఒకరోజు మిరప రాశి చుట్టూ తాడు పట్టించి, శంకువు ఘనపరిమాణం కట్టించారు. ఆ లెక్కన ఎన్ని బస్తాలవుతుందో మేం చెప్పాం. అమ్మ రాశిని ఒకసారి చూసి, "అంత రాదు," అని తన లెక్క చెప్పింది. మర్నాడు బస్తాలకెత్తితే అమ్మ చెప్పిందే వచ్చింది. "కాయల మధ్య గాలి ఉంటుంది కదా, నేను మర్చిపోయాను," అన్నారు మేడం. "మీ అమ్మ మర్చిపోలేదు." ఆ రోజు నుంచి అమ్మ సాయంత్రం కల్లంలో నన్ను పని కోసం పిలవడం మానేసింది.

ఫిబ్రవరి చివర హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. హాజరు చాలలేదు, పరీక్షకు పంపడం కుదరదు, వచ్చే ఏడు రాసుకోమన్నారు. నాకు వచ్చే ఏడు అనేది లేదని ఆయనకు తెలియదు.  మేడం నా పక్కన నిలబడి ఉన్నారు.

"మధ్యాహ్నాలన్నీ వచ్చిందండీ ఈ అమ్మాయి," అన్నారు.

"ఎవరు చూశారు? రిజిస్టరులో లేదే."

నేను బడిసంచిలోంచి నా నోటుబుక్ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకే చదివారు. "'మధ్యాహ్నం రెండో పీరియడ్. సోషల్ సారు నదుల మ్యాపు గీయిస్తున్నారు. హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చి నన్ను పోస్టాఫీసు అన్నారు.'" పేజీ తిప్పారు. మళ్లీ తిప్పారు. "ఏమే, రోజూ అన్నానా?"

"శనివారాలు అనలేదండీ. శనివారం మీరు మీటింగుకి వెళ్తారు."

మేడం నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. ఆయన నవ్వలేదు. మిగతా టీచర్ల డైరీలు తెప్పించి, నేను రాసిన పాఠాలూ వాళ్లు చెప్పిన పాఠాలూ తేదీ తేదీకీ పోల్చి చూశారు. అన్నీ కలిశాయి. హాజరు మినహాయింపు కోరుతూ పైకి ఉత్తరం ఆయనే రాశారు, సంతకం పెట్టారు, పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని స్వయంగా పట్టుకెళ్లి ఇచ్చి వచ్చారు. ఆయన అన్న మాటలు నాకు ఎలా గుర్తున్నాయో, ఆ మండుటెండలో స్కూటరు మీద వెళ్లడం కూడా అలాగే గుర్తుంది.

పరీక్షలకు వారం ముందు హాల్‌టికెట్ వచ్చింది. పరీక్షలున్నన్ని రోజులూ అమ్మ నన్ను పొలానికి రానివ్వలేదు. ఫలితాలు వచ్చిన రోజు మేడం మంగళగిరి నుంచి ఫోను చేసి ముందు అమ్మతో మాట్లాడారు, ఆ తర్వాతే నాతో. ఒంగోలులో ఆడపిల్లలకు హాస్టలున్న ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉందనీ, దరఖాస్తుకు ఏమేం కావాలో అమ్మకే చెప్పారు. నాకు చెప్పలేదని ఆ పూట కాస్త కోపం వచ్చింది. పంపాల్సింది అమ్మ కాబట్టి అమ్మను అడిగారని తర్వాత అర్థమైంది.

కాలేజీలో చేర్చిన రోజు అమ్మ నా పెట్టె హాస్టలు గదిలో పెట్టి, మంచం గట్టిగా ఉందో లేదో చేత్తో నొక్కి చూసింది. "ఏదైనా కష్టమైతే రాయవే. రాయడం నీకు వచ్చుగా," అని బస్సెక్కింది. ఆ జనవరిలో కోతలు మొదలైనప్పుడు మేస్త్రి మీ అమ్మాయేదని అడిగాడట. చదువుకుంటోందని చెప్పి, అమ్మ తన సాలులోకి దిగిందట. రెండో వైపు కూడా ఒక్కతే కోసింది.