వాసన రాని రోజు

నా చిన్నప్పుడు చిట్కుల్ పక్కనున్న మా ఊరి వాగులోకి, ఎగువన ఉన్న కంపెనీల నీళ్ళు కలిసేవి. రోజూ కాదు. వదిలిన రోజున మాత్రం కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమనేది. అందుకని పొద్దున్నే వాగు వైపు ముందు వెళ్ళినవాళ్ళు వాసన చూసి, గట్టు మీద నుంచే "కట్టేయుండ్రీ!" అని కేకేసేవాళ్ళు. ఆ కేక వినపడితే ఊళ్ళో ఒక్క బర్రె కూడా కొట్టం దాటేది కాదు.

ఒక ఎండాకాలం పొద్దున ఆ కేక రాలేదు. మాకు రెండు బర్రెలు. ఒకటి పాలిస్తోంది, ఇంకొకటి చూలుతో ఉంది. మా చిన్నాయన పాలబర్రె పలుపు విప్పాడు. మా నాయనమ్మ అడ్డుపడింది.

"బోరింగు నీళ్ళు పెడదాం, ఆగురా."

"వాసనొస్తే తోలొద్దంటివి. ఇయ్యాల వాసన లేదు గదనే అమ్మా."

"వస్తే వద్దన్న. రాకుంటే తోలుమన్ననా?"

"నీతోని మాట్లాడుడే తప్పు. బోరింగు కొట్టి కొట్టి నా రెక్కలు పోతున్నయ్" అని నవ్వుకుంటూ తోలుకుపోయాడు.

మధ్యాహ్నానికి బర్రె కాళ్ళు వణికి, మూతినిండా నురగతో కొట్టం ముందర కూలబడింది. పొద్దుగూకకముందే ప్రాణం పోయింది. దాని దూడ ఇంకా పొదుగులో తల పెట్టి పొడుస్తూనే ఉంది. దాన్ని అవతలికి లాగలేక మా అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది.

చిన్నాయన మాత్రం ఒప్పుకోలేదు. "వాసనే లేకుండె. నీళ్ళతోని కాదు, పాము ముట్టింది" అన్నాడు. తెల్లవారింది. ఆ రోజూ కేక రాలేదు. చూలు బర్రె పలుపు మీద చెయ్యి వేశాడు. ఇంట్లో పిల్లల పాలకు ఇక అది ఈనితేనే దిక్కు.

నాయనమ్మ అరవలేదు. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో ఉప్పు వేసి బాగా కరిగించింది. పొయ్యి దగ్గర నిలబడి నేనంతా చూస్తున్నాను. రెండూ తెచ్చి అతని ముందు పెట్టింది.

"వాసన సూడు. ఏది మంచిది?"

చిన్నాయన విసుగ్గా రెండూ ముక్కు దగ్గర పెట్టుకుని, "రెండూ మంచియే" అన్నాడు.

"అయితే తాగు."

గుక్క నోట్లో పడగానే ఉమ్మేశాడు. ఎవరమూ నవ్వలేదు. "ముక్కుకు అన్నీ దొరకయి బిడ్డా" అంది నాయనమ్మ మెల్లగా. చిన్నాయన చచ్చిన బర్రె కట్టుగొయ్య వైపు చూశాడు. తర్వాత పలుపు వదిలి, బిందె తీసుకుని బోరింగు దగ్గరికి నడిచాడు.

ఇప్పుడు పటేల్‌గూడలో మా కొడుకు దగ్గర ఉంటున్నాను. వంటింటి గోడకు నీళ్ళు శుభ్రం చేసే మిషన్ ఉంది. నీళ్ళు చెడితే ఎర్రలైటు వెలుగుతుందట. "లైటు రాలేదు కదా నానమ్మా" అంటూ మనవరాలు గ్లాసు నింపుకుంటుంది. ఆ గ్లాసు తీసుకుని ముందు నేనొక గుక్క తాగి, కాసేపు ఆగి ఇస్తాను. నాకేమీ కాలేదంటే నీళ్ళు మంచివని కాదు. అదీ తెలుసు. అయినా, ముందు నేనే తాగుతాను.