చెక్‌ట్రే లెక్కతో పిల్లికి మేత

నెల్లూరు జిల్లా కోట దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటూ ముప్పై ఏళ్లు గడిపాను. చెరువులో మేత వేశాక చెక్‌ట్రే అనే వలపళ్లెంలోనూ కొంత వేసి దించి, రెండు గంటల తర్వాత పైకి లాగి చూస్తాం. మిగిలితే మర్నాడు మేత తగ్గిస్తాం, ఖాళీగా వస్తే పెంచుతాం. రోజువారీ ఆ వివరమంతా నా డైరీల్లో ఉంది.

బావ పోయాక మా అక్క నా దగ్గరికి వచ్చేసింది, తన పిల్లితో సహా. మెయిన్ కూన్ జాతిది, మామూలు పిల్లికి రెట్టింపు ఉంటుంది. అక్క పడుకోగానే మంచమెక్కి ఆమె కాళ్ల మీద వాలేది. ఆ బరువు తగిలితేనే ఆమెకు నిద్ర పట్టేది.

దాని తిండి పని నేను తీసుకున్నాను. ఏడు కిలోల పిల్లికి రోజుకు డెబ్బై గ్రాముల పొడి మేతతో మొదలుపెట్టాను. గిన్నె వరసగా వారం ఖాళీ అయితే కాస్త పెంచేవాణ్ణి. నెలకోసారి పిల్లిని తూచి, పెరిగిన బరువుకు తగ్గట్టు ఇంకాస్త. ఏడాది తిరిగేసరికి నూట ఇరవైకి వచ్చాం. ఒక్కరోజూ గిన్నెలో మిగల్లేదు.

ఒకనాడు పిల్లి మంచం మీదికి ఎగరబోయి జారిపడింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ప్రయత్నించడమే మానేసింది.

“దానికీ నా మాదిరే మోకాళ్లు పోయినాయిరా,” అంది అక్క.

నెల్లూరు తీసుకెళ్లి, పశువుల డాక్టరమ్మకు పిల్లి మేత రాసిన డైరీ కూడా చూపించాను. ఆమె నాలుగు పేజీలు తిప్పి, “ఇది పిల్లికా సార్, రొయ్యలకా?” అంది. రెండింటికీ ఒకటే పద్ధతి అన్నాను.

“రొయ్యలు పెరగాలి, మీరు అమ్ముకోవాలి. దీని ఎదుగుదల ఎప్పుడో అయిపోయింది సార్. గిన్నె ఖాళీ అయితే ఆకలని కాదు. ఇప్పుడున్న తొమ్మిదిన్నర కిలోలకు కాదు, ఉండాల్సిన ఏడు కిలోలకు లెక్కేసి పెట్టండి. ఒక్కసారిగా మాత్రం తగ్గించబాకండి, లివర్ దెబ్బతింటుంది.”

ఇంటికొచ్చి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను.

“అయితే దాన్ని మంచం దించింది నువ్వా?”

“నేనే అక్కా.”

 సాయంత్రం, “అది మళ్లీ మంచం ఎక్కేదానికి ఎన్నాళ్లు పడతాది?” అని అడిగింది.

“ఏడాది పట్టొచ్చు.”

“అన్నాళ్లూ అది కింద, నేను పైనా?” అని పరుపు నేలమీద వేయించుకుంది.

నేలమీది నుంచి తనంతట తాను లేవలేదు కనుక, రోజూ పొద్దున్నే నేను వెళ్లి రెండు చేతులూ ఇచ్చి లేపుతున్నాను. మేత కొంచెం కొంచెంగా తగ్గిస్తూ తొంభై అయిదుకు దిగాం.

“మేత సరిగ్గా తూచినావా?” అంటుంది అక్క, నా చేతులు పట్టుకుని. “నా నడుం పోతా ఉంది.”

పిల్లి మాత్రం ఆమె కాళ్ల మీది నుంచి కదలదు. ముందు దాన్ని లేపాలి.