లావైన టేకు, తగ్గిన లెక్క

లక్కే భోపాల్‌పట్నంలోని చెట్ల పెంపకందారుల సంఘంలో కంప్యూటర్ ఆపరేటర్. చదువు పన్నెండో తరగతితో ఆగింది గానీ, లెక్క కనబడితే వదిలే మనిషి కాదు. ఒక్కో జాతి చెట్టుకు కలప అంచనా సూత్రాన్ని ఆమే టైపు చేస్తుంది. కొలతలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. ఆ సూత్రం ప్రకారం అది లెక్క కట్టి చూపిస్తుంది.

ఈ లెక్కలకు కొత్త ప్రోగ్రాం వచ్చిన వారానికే మద్దేడ్ నుంచి రైతు కేసా వచ్చి తన టేకు చెట్ల రెండేళ్ళ లెక్కలున్న కాగితం ముందు పెట్టాడు.

"ఇదేంది బిడ్డా? పోయినేడు ఈ చెట్టు మందం ఇరవై ఒక సెంటీమీటర్లు. ఇప్పుడు ఇరవై రెండు. చెట్టు లావైతే కలప తగ్గుతదా?"

నిజమే, తగ్గింది. ఎత్తులో తేడా లేదు, కొలతలూ సరిగ్గానే ఉన్నాయి. సూత్రంలో మందాన్ని వర్గం చేయాలి. అందుకామె ^ అనే టోపీ గుర్తు వేసి, పక్కన రెండు పెట్టింది. ఆ ముక్క ఒక్కటే విడిగా నడిపి చూసింది. 21^2కి 441 రావాలి, 23 వచ్చింది. 22^2కి 20!

"కాకా, జర కూసో," అని చిన్న అంకెలు వేయసాగింది. నాలుగుకు ఆరు, అయిదుకు ఏడు. ఆరుకు నాలుగు, ఏడుకు అయిదు. రెండంకెలకు రెండు కలుపుతోంది, తర్వాతి రెండంకెలకు రెండు తీసేస్తోంది. తప్పుకు కూడా ఇంత పద్ధతి ఉందేమిటని ఆమెకు సరదా పుట్టింది. ప్రోగ్రాం రాసిన జయరావుకు కిరందుల్‌కు ఫోన్ చేసింది.

"ఓలమ్మ, ఈ డేటాబేస్‌కి టోపీ అంటే ఘాతం కాదమ్మా! రెండంకెల్నీ ఒకట్లు, సున్నాల్లో రాసుకుని, తేడా ఉన్న చోటల్లా ఒకటి పెడతాది," అన్నాడతను.

లక్కే కాగితం మీద ఆరును 110 అని, దాని కింద రెండును 010 అని రాసింది. తేడా 100, అంటే నాలుగు. సరిపోయింది!

"మీరు టోపీయే పెట్టండి. డేటాబేస్‌కి పంపే ముందు దాన్ని ఘాతం లెక్కగా మార్చేలాగ నేను రాస్తాను," అన్నాడు జయరావు.

"మరి బ్రాకెట్ మీద టోపీ పెడితే? రెండున్నర ఘాతం పెడితే?" అంది లక్కే.

"అవి చూళ్ళేదమ్మా," అన్నాడు జయరావు.

రెండు రోజులకు కేసా చేతికి సరైన కాగితం అందింది. ఇప్పుడు జయరావు ఏ మార్పు చేసినా ముందు లక్కేకే పంపుతున్నాడు. ఆమె వింత వింత సూత్రాలు టైపు చేసి, ప్రోగ్రాం ఎక్కడ తడబడుతుందోనని చూస్తూ కూర్చుంటుంది.