మద్దిలేటన్న నా కోసం చేసిన బారిటోన్ గిటార్

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరి హెల్మెట్ పెట్టుకుంటుంటే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మద్దిలేటన్న పేరు.

ఎప్పుడొస్తావని మళ్ళీ తిడతాడులే అనుకుంటూ ఎత్తాను.

మాట్లాడింది వదిన.

"మీయన్న పోయినాడప్పా" అంది. అంతే.

గుండెపోటట. లేచి, టీ తాగి, షెడ్డు తలుపు తీశాడట. లోపలికి అడుగు పెట్టలేదు.

నేను హెల్మెట్‌తోనే మెట్ల మీద కూలబడిపోయాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. నందికొట్కూరులో తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. ఇరవై ఏళ్ళ కింద ఎవరో పగిలిన గిటార్ తెచ్చి అతికించమంటే, విప్పి చూశాడు. ఆ పిచ్చి ఇక వదల్లేదు. అప్పట్నుంచి ఏడాదికి ఒకటో రెండో గిటార్లు చేసేవాడు.

నాది బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. మామూలు గిటార్ శ్రుతికి పాడితే పైస్వరాల దగ్గర పట్టేస్తుంది. ఫ్రెండ్స్ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేసి, మెల్లగా పాడటమే మానేశాను.

అన్న ఒకసారి విన్నాడు. "తప్పు నీ గొంతుది కాదప్పా, గిటారుది. నీకు సరిపోయేది నేను చేస్తా" అన్నాడు.

అదే ఈ బారిటోన్. మెడ పొడవు, తీగలు లావు, శ్రుతి బాగా కింద.

ఏ గిటార్‌కైనా ఒక చిక్కుంది. మెడ మీదుండే మెట్టు (ఫ్రెట్) దగ్గర నొక్కితే తీగ కాస్త సాగుతుంది, స్వరం కొంచెం పైకి పోతుంది. అందుకని తీగలు ఆనే ఎముక పట్టీని లెక్క కన్నా కొంచెం వెనక్కి పెడతారు. దాన్నే కాంపెన్సేషన్ అంటారు. లావు తీగలకు ఇంకా వెనక్కి పోవాలి.

అన్న దగ్గర తను చేసుకున్న చెక్క కొలబద్ద ఒకటి ఉండేది. అన్ని గిటార్లకూ అదే. నా గిటార్‌కు పొడవంతా కొత్తగా లెక్కేశాడు గానీ, వెనక్కి జరిపేది మాత్రం అలవాటు కొద్దీ ఆ పాత బద్దతోనే కొలిచి, ఆ పట్టీ కూర్చునే చెక్కను, అదే బ్రిడ్జిని, అతికించేశాడు. తీగలు కట్టి పన్నెండో మెట్టు మీద నొక్కితే లావు తీగ ఎక్కడికో పోయింది.

"పర్లేదన్నా, ఎవరికి తెలుస్తుంది" అన్నాను. నోరు మూసుకోవాల్సింది.

"నీకు తెలుస్తాది! పాడేటప్పుడు మళ్ళా నీ గొంతుదే తప్పనుకుంటావు" అని గసిరాడు.

ఇస్త్రీపెట్టెతో వేడి చేసి, సన్నటి కత్తి దూర్చి, బ్రిడ్జి ఊడదీశాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. అన్నం కూడా తినలేదు మహానుభావుడు. అంతా రెండు మిల్లీమీటర్ల కోసం! పాత జిగురు గీత ముందువైపు అట్లాగే మిగిలింది. చెరపమంటే, "ఉండనీ, నా తప్పు నాకు కనపడాల" అన్నాడు.

తర్వాత ఎముక పట్టీని ఆకురాయితో రవ్వంత రవ్వంత రుద్ది, ఐదు తీగలు సరిచేశాడు. ఆరోది, అన్నిటికన్నా లావుది, ముట్టుకోలేదు.

"నీ చెయ్యి బరువప్పా. నువ్వు నొక్కినట్టు నేను నొక్కలేను. నువ్వొచ్చి నొక్కు, నేను రుద్దుతా."

నేనుండే కర్నూలు నుంచి బైక్ మీద గంట కూడా కాదు.

ఒక ఆదివారం పెళ్ళి. ఒక ఆదివారం ఎండ. ఇంకో ఆదివారం ఏమీ లేదు, ఊరికే పడుకున్నాను. ప్రతిసారీ "వచ్చేవారం పక్కా అన్నా" అన్నాను.

సిగ్గుగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

నిన్న అన్నను సాగనంపి వచ్చాను. ఈరోజు పొద్దున మళ్ళీ వెళ్ళాను. వదిన నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళింది. గిటార్ బల్ల మీదే ఉంది, టవల్ కప్పి.

"ఒకసారి నొక్కి చూడప్పా" అంది.

పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటాను. తర్వాత గట్టిగా నొక్కి మీటాను. రెండూ ఒకటిగా వినపడాలి.

"రెండోది పైకుండాది" అంది వదిన, నాకన్నా ముందే. అన్న ఫోన్‌లో ట్యూనర్ చూసుకున్నా, చివరికి వంటింట్లో ఉన్న ఆమెనే అడిగేవాడట, ప్రతి తీగకూ.

నాకు ఏడుపు ఆగలేదు. అక్కడ ఉండలేకపోయాను.

"పెద్ద దినం అయినాక వస్తాలే వదినా" అని లేవబోయాను.

"మీయన్నకూ అట్లే చెప్తాంటివి."

కోపంగా అనలేదు. మామూలుగానే అంది.

ఆకురాయి తెచ్చి నా చేతిలో పెట్టి, ఎదురుగా స్టూల్ వేసుకుని కూర్చుంది. నేను రుద్దాను, నొక్కాను. ఆమె వింది. మళ్ళీ రుద్దాను. ఆమె తల ఊపింది.

అరగంట కూడా పట్టలేదన్నా.

పోయిరా మద్దిలేటన్నా. ఆడైనా ఎవరి కోసమూ ఎదురుచూడకుండా, చల్లగా పడుకో.