తెలుగులో వచ్చిన ఫోను

మా ఇంట్లో దిష్టి తీసేది మా ఆయన. ఇక్కడ సింగపూర్‌లో చైనా వాళ్ళు తమ ఏడో నెలలో, దయ్యాల నెలంటారు, చనిపోయిన పెద్దల పేరు మీద మా అపార్టుమెంట్ల కింద కాగితాలు కాలుస్తుంటే ఆయన చుట్టూ తిరిగి వెళ్తారు. నేను ఆ బూడిద పక్కనుంచే వెళ్ళి చెత్త పారేసి వస్తాను. సెకండరీ పిల్లలకు లెక్కలు ట్యూషన్ చెప్పుకునేదాన్ని. ఎవరైనా దయ్యాల మాటెత్తితే లేచి వంటింట్లోకి పోతాను. ఇప్పుడు చెప్పబోయేది ఇంకెవరైనా చెబితే నేను కూడా నమ్మేదాన్ని కాదు.

మాది సామర్లకోట. సింగపూర్ వచ్చాక మొదట్నించీ సెంబవాంగ్‌లోనే ఉన్నాం. ఒక్కతే కూతురు, శ్రియ. ఇక్కడే పుట్టి ఇక్కడే యూనివర్సిటీలో చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. చిన్నప్పుడు ముద్దుముద్దుగా మాట్లాడేది. బడికి వెళ్ళడం మొదలయ్యాక ఆ మాటలు ఒక్కొక్కటే పోయాయి. నేను తెలుగులో అడుగుతాను, తను ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. నన్ను పిలవడం కూడా "మా" అనే, "అమ్మా" అని కాదు.

ఆ మధ్య పిల్ల సరిగా ఉండటం లేదు. అన్నం కెలికి లేచిపోయేది. ఏదో చెప్పబోయి, ఇక్కడి పిల్లల యాసలో "నథింగ్ లా" అనేసేది. నేనూ గుచ్చిగుచ్చి అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని లోపల భయం.

ఒక ఆదివారం ఫ్రెండ్స్‌తో కలిసి చదువుకుంటానని మధ్యాహ్నమే వెళ్ళింది. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెడుతుంటే హాల్లో నా ఫోన్ మోగింది. మా ఆయనే ఛార్జర్ నుంచి తీసి, "అమ్మాయి" అంటూ తెచ్చిచ్చారు. పేరు చూసింది ఆయన. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నాకున్న సాక్ష్యం అదొక్కటే.

"అమ్మా, ఒకసారి రావా? గుబులుగా ఉంది."

శ్రియ గొంతే. ఎప్పుడూ జలుబు చేసినట్టుండే ఆ ముక్కు గొంతు. ఏడుస్తోంది. ఎక్కడున్నావంటే ఆంగ్ మో కియోలో ఫ్యాక్టరీలున్న వైపు ఒక బిల్డింగు గుర్తులు చెప్పింది, ఆరో అంతస్తంది. "నాన్నకి చెప్పకు. నువ్వొక్కదానివే రా" అంది.

వెనకాల ఎక్కడో దరువు, చప్పట్లు, ఒక ఆడమనిషి పాడుతున్న పాట. పాట మధ్యలో మైకు కీచుమంది. జనం గొల్లున నవ్వారు. పాడే ఆవిడ కూడా నవ్వి, "సారీ, మై డార్లింగ్స్" అని మళ్ళీ అందుకుంది. అంతలో లైను తెగిపోయింది. తిరిగి చేస్తే స్విచ్చాఫ్.

పిల్లకి కడుపునొప్పిట, తీసుకొస్తానని మా ఆయనకు చెప్పి టాక్సీ ఎక్కాను. యిషున్ దాటాక గాని తట్టలేదు, అది మొత్తం తెలుగులో మాట్లాడిందని. పిల్ల ఎంత కష్టంలో ఉంటే తెలుగు వస్తుంది అనుకున్నాను. అప్పటికి నా భయం అదే.

ఆదివారం కదా, బిల్డింగులో షట్టర్లన్నీ మూసేసి ఉన్నాయి. సామాన్ల లిఫ్టులో పైకి వెళ్తుంటే దరువు ముందు అరికాళ్ళకు తెలిసింది, తర్వాత చెవులకు. తలుపు దగ్గర సన్నటి మీసం, ఆకుపచ్చ గోళ్ళ రంగు ఉన్న ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు. లోపల ఎవరూ ఫోటోలు తీయకూడదట, అందరి ఫోన్లూ గుడ్డ సంచుల్లో వేసి అరలో పెడుతున్నాడు. శ్రియ ఉందా అని అడిగాను.

"శ్రియా ఆ? కిచెన్‌లో ఉంది, ఆంటీ. ఆఫ్టర్‌నూన్ నుంచి లేడీస్ ఫింగర్ కటింగ్ ఓన్లీ" అన్నాడు ఇంగ్లీషులో, నవ్వుతూ.

లోపలికి వెళ్ళాను. నల్లవాళ్ళు, చైనావాళ్ళు, మలయ్‌వాళ్ళు, మనవాళ్ళూ ఉన్నారు. మగపిల్లలు కొందరు గౌన్లు వేసుకున్నారు. ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఆడుతున్నారు. వంటింటి గుమ్మంలో మా శ్రియ ఏప్రన్ కట్టుకుని పగలబడి నవ్వుతోంది. అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. నన్ను చూసేసరికి మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"మా! హౌ యు నో దిస్ ప్లేస్?"

"నువ్వే కదే ఫోన్ చేశావు? గుబులుగా ఉందన్నావు?"

"గుబులు? వాట్ ఈజ్ గుబులు?"

ఆ మాట దానికి తెలియదు. తను మధ్యాహ్నం వచ్చినప్పుడే ఫోను సంచిలో వేసి ఇచ్చేసిందట. తలుపు దగ్గరి అబ్బాయి తీసి చూపించాడు. మూతి ముడి విప్పలేదు. ఫోను ఆపేసి ఉంది.

శ్రియ పక్కన ఒక మలయ్ అమ్మాయి నిలబడి ఉంది, నదియా. నేను చూడగానే మా పిల్ల చేతిలోంచి తన చేయి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. నాకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మొదట అనుకున్నది, దీని తండ్రికి ఏం చెప్పాలి అని. ఆ తర్వాత, తెలిసిన తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను.

అప్పుడు ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళు దాటిన నల్లజాతి ఆవిడ, తలకు పసుపు గుడ్డ చుట్టుకుంది. ట్రినిడాడ్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగి, ఇక్కడ పిల్లలకు ఈత నేర్పుతుందట. అక్కడందరూ ఆవిడను "మదర్" అనే పిలుస్తున్నారు. మా పిల్ల కూడా.

"శ్రియా మమ్మీ? ముందు తినండి" అని కూర్చోబెట్టింది. చేమాకు, బెండకాయ కొబ్బరిపాలలో ఉడికించిన కూర, అలసందలతో వండిన అన్నం, గోంగూర జాతి పువ్వుతో కాచిన ఎర్రటి పానకం. అలసందల అన్నం నోట్లో పెట్టుకుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ నా పక్కనే కూర్చుని చెప్పింది. ఈ దరువు పాటలు అమెరికాలో పుట్టించింది తనలాంటి నల్ల పిల్లలేనట. ఆడపిల్లని ప్రేమించే ఆడపిల్లలు, మగపిల్లాణ్ణి ప్రేమించే మగపిల్లలు. ఇంట్లోంచి గెంటేస్తే ఏదో ఒక గదిలో చేరి పాడుకునేవాళ్ళు, వండుకునేవాళ్ళు. వాళ్ళలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు అమ్మలయ్యేవాళ్ళు. అందుకే మదర్.

"అసలు అమ్మ వస్తే నాకు పని తగ్గుతుంది" అంది నా మోకాలి మీద తట్టి. తర్వాత లేచి వెళ్ళి మైకు అందుకుంది.

బొంగురు గొంతు, చాలా బాగా పాడుతోంది. అందరూ చప్పట్లు అందుకున్నారు. నా కాలు కూడా కదిలింది. అంతలో మైకు కీచుమంది. జనం గొల్లున నవ్వారు. ఆవిడా నవ్వి, "సారీ, మై డార్లింగ్స్" అని మళ్ళీ అందుకుంది.

చెంచా పళ్ళెంలో పెట్టేశాను. ఈ ముక్క నేను ఇంట్లో దీపం దగ్గర విన్నాను. ఇదే నవ్వు, ఇదే చోట విరిగి, ఇదే చోట అతుక్కున్న పాట. ముందే అయిపోయిన పాటేమో, మళ్ళీ పాడుతున్నారేమోనని శ్రియని అడిగాను. మదర్ ఇవాళ పాడటం ఇదే మొదలంది.

ఫోన్లో ఆ పాట ఏడుపు వెనకాల వినిపించింది. అంటే ఏడుస్తున్న పిల్ల ఇప్పుడు ఇక్కడే దగ్గర్లో ఉండాలి. పక్కకి తిరిగి చూస్తే మా పిల్ల నా పళ్ళెంలోనే చెంచా పెట్టి తింటోంది. అయినా ఉండబట్టలేక లేచి, తలుపు తోసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను. తలుపు మూసుకోగానే పాట ఫోన్లో విన్నంత దూరంలో, విన్నంత మెత్తగా వినబడింది. కింది అంతస్తు దాకా దిగి చూశాను. ఎవరూ లేరు.

ఇంటికి వెళ్తూ ట్రైన్‌లో అంతా చెప్పాను. శ్రియ కిటికీ వైపే చూస్తూ వింది. తర్వాత అంది, "ఐ వాజ్ నాట్ కమింగ్ హోమ్ టునైట్, మా. ఎవర్." బట్టల సంచి అప్పటికే నదియా వాళ్ళింట్లో పెట్టేసిందట. మాకు చెప్పే ధైర్యం లేక, చెప్పకుండా పోదామనుకుందట. సెంబవాంగ్ వచ్చేదాకా దాని చేయి వదల్లేదు నేను. మర్నాడు ఇద్దరం వెళ్ళి సంచి తెచ్చుకున్నాం.

మా ఆయనకు చెప్పడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ ఆయన ఆ విషయం మాట్లాడరు. నదియా వస్తే మాత్రం టీ ఆయనే పెడతారు. అక్కడ ఆదివారాలు జరిగే పాటలకు, భోజనాలకు నేనూ వెళ్తున్నాను, గోంగూర పచ్చడి పట్టుకుని. మదర్‌కి అది ఎంత ఉన్నా చాలదు.

నా ఫోన్లో ఆ సాయంత్రం వచ్చిన కాల్ ఏదీ లేదు. ఫోన్ కంపెనీ వాళ్ళనడిగినా లేదన్నారు. పేరు చూశానని మా ఆయన ఒట్టేసి చెబుతారు. అది నా భ్రమ అనుకుందామన్నా, చూడని బిల్డింగు, వినని పాట భ్రమలో ఎలా వస్తాయో నాకు తెలియదు.

దేవుడు కాపాడాడు అంటారు మా ఆయన. నాకలా అనిపించదు. నేను వెళ్ళింది మా పిల్ల దగ్గరికి. అది నవ్వుతూ ఉంది. ఏడుస్తూ ఫోన్ చేసిన పిల్ల వేరే. తెలుగు మర్చిపోని ఆ పిల్ల, ఇంకెక్కడో అవే మెట్ల మీద కూర్చుని, మా శ్రియ గొంతుతో అమ్మని రమ్మని పిలిచింది. తన దగ్గరికి ఎవరు వెళ్ళారో నాకు తెలియదు.